గడువు మాకేనా? పరిశోధన పర్యవేక్షకులకు, డాక్టొరల్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆచార్యులకు, డాక్టొరల్ కమిటీల సభ్యులకు నమస్కారాలు.

ఏ పిహెచ్‌డి విద్యార్థి ఫైలైనా తెరిచి చూడండి. ప్రవేశం పొందిన తేదీ, కోర్సువర్క్ ముగిసిన తేదీ, ప్రగతి సమావేశాల తేదీలు, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) ఇచ్చిన తేదీ, రిజిస్ట్రేషన్ గడువు, పొడిగింపు గడువు, అన్నీ సంతకాలతో సహా ఉంటాయి. రెండు తేదీలు మాత్రం ఎక్కడా కనిపించవు. రాసి ఇచ్చిన అధ్యాయం గైడ్ చేతికి, అంటే పర్యవేక్షకుడి చేతికి, చేరిన తేదీ ఒకటి, చదివి తిరిగి ఇచ్చిన తేదీ మరొకటి. మేము చూసినంతలో, ఆలస్యమైన థీసిస్‌లలో చాలావాటి ఆలస్యం ఈ రెంటి మధ్యనే పేరుకుపోయి ఉంటుంది. ఎవరి లెక్కలోనూ లేని కాలం కాబట్టి అది కూడా మా ఖాతాలోకే వచ్చి పడుతుంది.

ఈ లేఖ మీలో ఏ ఒక్కరినీ ఉద్దేశించి రాసింది కాదు. ఫిర్యాదు చేయదలిస్తే దానికి పద్ధతి ఉంది. ఆ పద్ధతిని వాడుకున్నవాళ్ళ థీసిస్‌లు ఆ తర్వాత ఎంత వేగంగా కదిలాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆఖరి దశలో ఇరుక్కుపోయిన స్కాలర్లలో నేను ఒకడిని. మేము మీకు తెలిసినవాళ్ళమే. మీ గది దగ్గరికి వచ్చేసరికి ఫోను చూసుకుంటూ పక్కకు తిరిగిపోయేవాళ్ళం మేమే. మీ నుంచి తప్పించుకు తిరుగుతున్నామని మీరు అనుకుంటారు. నిజమే, తప్పించుకునే తిరుగుతున్నాం. కారణం మాత్రం మీరు అనుకునేది కాదు.

"ఇక రాయడమే కదా మిగిలింది!" అంటారు మీరు. ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ దశలో ఉన్నవాళ్ళను ఎ.బి.డి.లు అంటారు, అంటే థీసిస్ తప్ప అన్నీ అయిపోయినవాళ్ళని. ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది అన్నట్టు బయటివాళ్ళకు కనిపించేది తోకే. లోపల ఏముందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీలో చాలామంది థీసిస్ రాసి పాతికేళ్ళు దాటింది.

మొదటి ఏడాది ఎంతో శ్రద్ధగా రాసిన పూర్వ పరిశోధనల సమీక్ష ఇప్పటికి పాతబడి ఉంటుంది. ఈలోగా వచ్చిన వ్యాసాల్లో ఏదో ఒకటి మా ప్రశ్నకు సగం జవాబు చెప్పేసి ఉంటుంది. దాన్ని ఒక పేరాలో ప్రస్తావించి వదిలేస్తే కుదరదు. మూడో అధ్యాయంలోని వాదన ఆ మేరకు మారాలి, మూడు మారితే ఐదు మారాలి, ఐదు మారితే ముగింపు మారాలి. గణితం వాడే శాస్త్రాల్లో అయితే రెండో అధ్యాయంలో ఒక రాశికి పెట్టిన గుర్తునే నాలుగో అధ్యాయంలో మరో రాశికి పెట్టి ఉంటాం, అప్పట్లో అవి రెండు వేర్వేరు పత్రికలకు పంపిన వ్యాసాలు కాబట్టి. కంప్యూటర్ మీద పని చేసినవాళ్ళ ప్రోగ్రాం కొత్త వెర్షన్‌లో నడవదు. నడిచిందా, పాత పట్టికలోని అంకె రాదు. తేడా దశాంశ స్థానాల్లోనే ఉన్నా ఎందుకు వచ్చిందో తేలేదాకా నిద్ర పట్టదు. ఆర్కైవుల్లో పనిచేసినవాళ్ళ దగ్గర అద్భుతమైన ఉల్లేఖన ఒకటి ఉంటుంది, దాని పుట సంఖ్య మాత్రం రాసుకుని ఉండరు. క్షేత్ర పరిశోధన చేసినవాళ్ళు ఇంటర్వ్యూల రికార్డింగులు మళ్ళీ వినాలి. అప్పుడు ముఖ్యం కాదనుకుని వదిలేసిన మాటలే ఇప్పుడు కావలసి వస్తాయి.

వీటన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. నమోదు చేసుకున్న శీర్షిక ఒకటి, చేసిన పని మరొకటి. పరిశోధన అంటే అంతేనని మీరే చెప్పారు, ప్రశ్న నడుస్తూ నడుస్తూ మారుతుందని. మారింది. ఇప్పుడు ఆ మారిన ప్రశ్నే మొదటి రోజు నుంచీ మనసులో ఉన్నట్టుగా ఒక ఉపోద్ఘాతం రాయాలి. అన్నిటికంటే ఆఖరున రాసి అన్నిటికంటే ముందు పెట్టే ఆ అధ్యాయంలో ప్రతి వాక్యమూ కొంత నటనే. అది బాగా రాయగలిగితే ఎవరికీ అనుమానం రాదు. రాయలేకపోతే, "మీ పరిశోధనలో ఏకసూత్రత లేదు" అని పరీక్షకుడు రాస్తాడు.

అందువల్ల రాయడమంటే చేసిన పనిని శుభ్రంగా కాగితం మీదకు ఎత్తడం అనుకోకండి. చాలా అధ్యాయాల్లో వాదన ఎక్కడ తెగిపోయిందో రాస్తున్నప్పుడే బయటపడుతుంది. పరిశోధనలో ఆఖరి భాగం రాతలోనే జరుగుతుంది. ప్రయోగానికి పరికరం ఎంత అవసరమో ఈ భాగానికి చదివి చెప్పే మనిషి అంత అవసరం. ఆ మనిషి మీరు. రాసినవాడికి తన వాక్యంలో లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. అక్కడ లేదని చెప్పడానికి రెండో జత కళ్ళు కావాలి.

ఇక్కడే కథ ఆగుతుంది. అధ్యాయం పంపుతాం. మొదటి వారం ఊపిరి పీల్చుకుంటాం. రెండో వారం తర్వాతి అధ్యాయం తెరుస్తాం గాని, మీరు ఏమంటారో తెలియనిదే దాన్ని ఏ దారిన నడపాలో తేలదు. నెల దాటాక గుర్తుచేసే ఉత్తరం రాయడానికి కూర్చుంటాం. ఆ ఉత్తరం మీద మేము పెట్టే శ్రమ చూస్తే మీకు నవ్వు వస్తుంది. "చదివారా" అంటే నిలదీసినట్టు ఉంటుంది. "వీలైనప్పుడు చూడండి" అంటే ఎప్పుడూ చూడనక్కరలేదన్నట్టు ఉంటుంది. చివరికి ఇంకేదో చిన్న సందేహం అడిగే నెపంతో, ఆఖరి వాక్యంలో, అధ్యాయం మాట ఎత్తుతాం. మీరు ఆ చిన్న సందేహానికి వెంటనే జవాబిస్తారు. అధ్యాయం సంగతి అక్కడే ఉంటుంది.

ఒకరోజు అది తిరిగి వస్తుంది. మొదటి పది పుటల నిండా ఎర్రటి గీతలు, కామాల సవరణలు, "ఈ పదం బాగులేదు" వంటి మాటలు. పదో పుట తర్వాత తెల్లగా ఉంటుంది. ఆఖరి పుట చివర "ఇంకా లోతు కావాలి" అని ఒక వాక్యం. లోతు ఎక్కడ కావాలి? ఎంత కావాలి? అసలు పదకొండో పుట నుంచి చదివారా? ఇది అడగలేం. అందుకని మొత్తం అధ్యాయాన్ని మళ్ళీ తవ్వుతాం. బాగున్నదీ బాగులేనిదీ కలిపి తవ్వేస్తాం. రెండోసారి ఇచ్చినప్పుడు, మొదటిసారి మీరే చేర్చమన్న భాగం పక్కన "ఇది ఇక్కడ అవసరమా?" అని ఉంటుంది. మీరు మర్చిపోవడం సహజమే, మధ్యలో గడిచిన కాలం అలాంటిది. అయితే మీ పాత వ్యాఖ్య మా దగ్గర భద్రంగా ఉంటుంది. దాన్ని మీకు చూపించాలా వద్దా అన్న ఆలోచనతో ఇంకో వారం పోతుంది.

దీనికి విరుగుడుగా విభాగాలు ఏం చేస్తాయంటే, స్కాలర్లకు కాల నిర్వహణ మీద వర్క్‌షాపులు పెడతాయి. రోజూ పొద్దున్నే కొంచెం రాయాలి, పాతిక నిమిషాలు రాసి ఐదు నిమిషాలు ఆగాలి, ఫోను పక్క గదిలో పెట్టాలి. ఇవన్నీ మంచి మాటలే, పనికివస్తాయి కూడా. రాసేవాళ్ళకు ఇన్ని వర్క్‌షాపులు ఉన్నాయి కదా, చదివేవాళ్ళకు ఒక్కటైనా ఎందుకు లేదో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

స్ఫూర్తి కథలు కూడా వింటుంటాం. క్వీన్ సంగీత బృందం గిటారిస్టు బ్రయాన్ మే 1970లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో అంతరిక్ష ధూళి మీద పరిశోధన మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, 2007లో థీసిస్ పూర్తి చేశారు. ఎప్పుడైనా పూర్తి చేయవచ్చు అనడానికి దీన్ని ఉదాహరణగా చెబుతారు. సంతోషం. ఆయనకు మధ్యలో చేసుకోవడానికి వేరే పని ఉంది.

ఇప్పుడు అసలైన ప్రశ్న. థీసిస్ ఎప్పుడు పూర్తయినట్టు? మౌలికంగా ఉండాలి, జ్ఞానానికి కొత్తది చేర్చాలి అని నిబంధనల్లో ఉంటుంది. ఎంత కొత్తది, ఎంత చేర్చాలి అన్నది మీ తలల్లో ఉంటుంది. ఇది నా ఆరోపణ కాదు. బార్బరా లోవిట్స్ అనే పరిశోధకురాలు అమెరికాలో 9 విశ్వవిద్యాలయాలకు చెందిన 276 మంది అధ్యాపకులను కూర్చోబెట్టి, మంచి థీసిస్ అంటే ఏమిటి, సరిపోయేది ఏది, సరిపోనిది ఏది అని అడిగారు. 10 శాస్త్రాలకు చెందిన 74 విభాగాలవాళ్ళు అందులో ఉన్నారు. ఆ ఫలితాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. థీసిస్‌లను అంచనా వేయడం తెలిసినవాళ్ళే వాళ్ళంతా. అయినా ఆ కొలతలను విద్యార్థులకు అర్థమయ్యేలా బయటపెట్టి రాసుకోవడం చాలా చోట్ల జరగలేదు. అడిగి కూర్చోబెడితే మాత్రం చెప్పగలిగారు. నాకు ఇందులో ఆశ కనిపించేది ఆ సంగతే. కొలత లేదని కాదు, ఉంది, ఎవరూ అడగలేదు.

పుటల సంఖ్య కొలత కాదని అందరికీ తెలుసు. 1950లో గణితవేత్త జాన్ నాష్ అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన థీసిస్ ముప్పై పుటలు కూడా ఉండదు. అందులోని ఆలోచనే 1994లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ తెచ్చిపెట్టింది. మేమంతా నాష్‌లమని ఎవరూ అనడం లేదు. కానీ చివరి ఏడాదిలో "ఇంకో అధ్యాయం ఉంటే బాగుంటుంది" అని మీరు అన్నప్పుడు, ఆ అధ్యాయం లేకపోతే థీసిస్ నిలబడదా, లేక ఉంటే ఇంకా అందంగా ఉంటుందా అన్నది కూడా చెప్పాలి. రెంటికీ తేడా మాకు ఒక ఏడాది. ఆ ఏడాదికి ఫెలోషిప్ ఉండదు.

కొంచెం కటువైన మాట కూడా ఇక్కడే అనేస్తాను. ప్రయోగశాలల్లో ఆఖరి ఏడాది స్కాలర్ అందరికంటే పనికివచ్చే మనిషి. పరికరాల మొరాయింపులు తెలుసు, కొత్తగా చేరినవాళ్ళకు నేర్పగలడు, సగంలో ఉన్న వ్యాసాన్ని ముగించగలడు. అలాంటివాడు వెళ్ళిపోతే మీ పని వెనకబడుతుంది. ఇది మానవ సహజం, తప్పు పట్టడం లేదు. అయితే అతను వెళ్ళవచ్చా వద్దా అని తేల్చే అధికారం కూడా అతను వెళ్ళకుండా ఉంటే లాభపడే మనిషి చేతిలోనే ఉండటం ఇంకే వృత్తిలోనైనా ప్రయోజనాల సంఘర్షణ అనిపించుకుంటుంది. మన దగ్గర దాన్ని మార్గదర్శనం అంటున్నాం. కమిటీలు ఉన్నది ఈ సందర్భం కోసమే కదా?

కమిటీల సంగతికి వద్దాం. సమావేశం గదిలోకి వచ్చాకే మా నివేదికను మొదటిసారి తెరిచే సభ్యులు మాకు తెలుసు. పుటలు తిప్పే వేగాన్ని బట్టే తెలిసిపోతుంది. దానికీ సర్దుకుంటాం. సర్దుకోలేనిది మరొకటి. ఒక సభ్యుడు "సిద్ధాంత భాగం బలహీనంగా ఉంది" అంటారు. పక్కనే ఉన్న సభ్యుడు "సిద్ధాంతం ఎక్కువైంది, డేటా చాలదు" అంటారు. గైడ్ ఇద్దరి మాటలకూ తల ఊపుతారు. సమావేశం ముగుస్తుంది. మినిట్స్‌లో "సభ్యుల సూచనలను చేర్చవలసిందిగా స్కాలర్‌ను కోరడమైనది" అని రాస్తారు. ఎదురెదురు దిక్కులకు లాగే రెండు సూచనలను ఒకే థీసిస్‌లో చేర్చే విద్య ఏ కోర్సువర్క్‌లోనూ చెప్పలేదు. మీలో మీకు భేదాభిప్రాయం ఉండటం మంచిదే, శాస్త్రం అలాగే పెరుగుతుంది. ఆ భేదాన్ని గదిలోనే, మా ముందే తేల్చండి. తేలకపోతే ఎవరి మాట చెల్లుతుందో చెప్పి లేవండి. మీరు లేచిపోయాక ఆ తగాదా మా డెస్కు మీద నెలల తరబడి నడుస్తుంది.

ఇదంతా కొందరు బలహీనుల గోడు అనిపించవచ్చు. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ చేసిన లెక్క ప్రకారం పిహెచ్‌డిలో చేరిన పదేళ్ళకు పట్టా పొందినవాళ్ళు దాదాపు 57 శాతం. మానవీయ శాస్త్రాల్లో అది సగానికి కొంచెం తక్కువ. ఎంతో వడపోసి చేర్చుకున్నవాళ్ళలోనే ఇది పరిస్థితి. మానేసినవాళ్ళు చదువులో వెనకబడినవాళ్ళా అంటే, ఇందాక చెప్పిన లోవిట్స్ 2001లోనే ఆ ప్రశ్న వేసి చూశారు. పూర్తి చేసినవాళ్ళకూ మానేసినవాళ్ళకూ పాత మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా ఎక్కువగా వాళ్ళు చేరిన చోట ఉంది, దొరికిన సమాచారంలో ఉంది, గైడ్‌తో కుదిరిన సంబంధంలో ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది డాక్టొరల్ విద్యార్థులతో చేసిన మరో అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్ళలో దాదాపు 32 శాతం మంది మానసిక అనారోగ్యం, ముఖ్యంగా కుంగుబాటు, అంచున ఉన్నారు. దానితో ముడిపడి కనిపించిన విషయాల్లో పనిభారం, పని మీద తమకు అదుపు లేకపోవడం, పర్యవేక్షకుల నడిపింపు తీరు ఉన్నాయి. ఈ అంకెలు మీ విభాగానివి కావు. మీ విభాగానివి ఏమిటో మీరు లెక్కపెట్టుకున్నారా?

మీ కష్టాలు తెలియక ఇదంతా రాయడం లేదు. తరగతులు, పరీక్ష పేపర్లు, పరిపాలనా సమావేశాలు, గ్రాంటు దరఖాస్తులు అన్నీ అయ్యాక మిగిలిన సాయంత్రాల్లో మా అధ్యాయాలు చదువుతారు. భారతదేశంలో 2022 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6గురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4గురు పిహెచ్‌డి విద్యార్థులు ఉండవచ్చు. 8 మంది తలా 250 పుటలు రాస్తే 2,000 పుటలు, అదీ ఒక్కసారి చదివితే. ప్రమోషన్ ఫారాల్లో ఎంతమందికి పట్టా ఇప్పించారని అడుగుతారే గాని, ఎన్ని ముసాయిదాలు శ్రద్ధగా చదివారని ఎవరూ అడగరు. మీ సంస్థలు ఈ పనిని పనిగా గుర్తించవు. ఈ విషయంలో మీరు కోపంతో ఉపకులపతులకు లేఖ రాస్తే కింద మా సంతకాలు కూడా పెడతాం.

కానీ అవే నిబంధనల్లో ఇంకో సంగతి చూడండి. విద్యార్థికి గరిష్ఠంగా ఆరేళ్ళు, ఆపైన పొడిగింపుగా రెండేళ్ళు, మహిళలకూ వికలాంగులకూ మరో రెండేళ్ళు. థీసిస్ సమర్పించాక వైవా (మౌఖిక పరీక్ష) ఫలితం సహా మూల్యాంకనమంతా ఆరు నెలల్లో ముగించాలని విశ్వవిద్యాలయానికీ గడువు పెట్టారు. అమలు ఎలా ఉన్నా, నిబంధన మంచిదే. సమర్పణ తర్వాత మీకు గడియారం ఉంది. సమర్పణకు ముందు, అంటే ముసాయిదాలు చేతులు మారే ఆ పొడవాటి కాలంలో, గడియారం మా మెడలో మాత్రమే ఉంది.

ఇది ఇలాగే ఉండనక్కరలేదు. స్వీడన్‌లో ఉన్నత విద్య ఆర్డినెన్స్ ప్రకారం ప్రతి డాక్టొరల్ విద్యార్థికీ ఒక వ్యక్తిగత అధ్యయన ప్రణాళిక ఉండాలి. అందులో విద్యార్థి ఒప్పుకున్న బాధ్యతలతో పాటు సంస్థ ఒప్పుకున్న బాధ్యతలు కూడా రాయాలి, కాలపట్టికతో సహా. దాన్ని క్రమం తప్పకుండా సమీక్షించాలి. ఒక్కొక్కరికి కనీసం ఇద్దరు పర్యవేక్షకులు ఉండాలి. పర్యవేక్షకుడిని మార్చమని విద్యార్థి అడిగితే మార్చాలి. అక్కడ అందరూ సుఖంగా ఉన్నారని నేను అనను. కనీసం కాగితం మీద రెండు వైపులా సంతకం ఉంది.

మేము అడిగేది అంతకంటే చిన్నది. అధ్యాయం ఇచ్చిన రోజునే, ఎప్పటికి చదువుతారో మీరే ఒక తేదీ చెప్పండి. అది రెండు వారాలైతే సంతోషం, నెలైనా ఫరవాలేదు. పరీక్షల కాలం అయితే రెండు నెలలని చెప్పండి, ఆలోగా ఇంకో పని చూసుకుంటాం. మమ్మల్ని తినేసేది ఎంతకాలమో తెలియని ఎదురుచూపే. మేము ఇచ్చిన తేదీ, మీరు తిరిగి ఇచ్చిన తేదీ ప్రగతి నివేదికలో నమోదయ్యేలా కమిటీ చూడాలి. మేము ఆలస్యం చేస్తే అదీ అందులో కనిపిస్తుంది, మాకు అభ్యంతరం లేదు.

చదివేటప్పుడు కామాలు వదిలేయండి. వాటిని దిద్దడానికి ఇతరులు ఉన్నారు, సాఫ్ట్‌వేర్ ఉంది. మీరొక్కరే చెప్పగలిగింది వేరే ఉంది: ఈ వాదన నిలుస్తుందా, ఎక్కడ పరీక్షకుడు పట్టుకుంటాడు, ఏది తీసేసినా నష్టం లేదు. ఆ మూడు సంగతులూ అరపేజీలో రాసిస్తే, పది పుటల ఎర్ర సిరా కంటే మాకు విలువైనవి. బాగున్న చోట బాగుందని కూడా రాయండి. మెప్పు కోసం అడగడం లేదు. ఏది ముట్టుకోకూడదో తెలియకపోతే బాగున్నదాన్ని కూడా చెరిపేస్తాం.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన కోరిక మరొకటి. సినాప్సిస్‌కు ముందు సంవత్సరం కమిటీ కూర్చుని, ఈ థీసిస్ ముగియడానికి ఇంకా ఏం కావాలో ఒక పుటలో రాసి అందరూ సంతకం చేయాలి. ఫలానా అధ్యాయం తిరగరాయాలి, ఫలానా విశ్లేషణ చేయాలి, అంతే. ఆ తర్వాత కొత్త కోరిక పుడితే, అది లేకుండా థీసిస్ ఎందుకు నిలబడదో కోరినవాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలి. పని పూర్తయితే సమర్పణకు అనుమతి ఇవ్వాలి. ఇది ప్రమాణాలను తగ్గించడం అంటారేమో. ఐదేళ్ళు ప్రతి ప్రగతి ఫారంలోనూ 'సంతృప్తికరం' అని రాసి, ఆరో ఏడాది 'ఇది చాలదు' అనడం కంటే ప్రమాణాలను ఎక్కువగా దిగజార్చేది ఏముంటుందో నాకు తోచడం లేదు.

పని నిజంగా మీకు కొరుకుడు పడకపోతే ఆ మాట కూడా చెప్పండి. 1924లో భౌతికశాస్త్రవేత్త లూయీ ద బ్రోయ్ పదార్థానికి తరంగ స్వభావం ఉంటుందంటూ పారిస్‌లో థీసిస్ రాసినప్పుడు, దాన్ని పరీక్షించిన పాల్ లాంజెవాఁకు అది ఎంతవరకు సరో తేలలేదు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చోలేదు, ఐన్‌స్టైన్‌కు పంపి అభిప్రాయం అడిగారు. అనుకూలంగా జవాబు వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే వైవా అయిపోయింది. ఐదేళ్ళ తర్వాత ద బ్రోయ్‌కు నోబెల్ వచ్చింది. మా థీసిస్‌లు ఐన్‌స్టైన్ దాకా వెళ్ళనక్కరలేదు, పక్క విభాగం దాకా వెళ్తే చాలు. మీ రంగం దాటి మేము పక్కకు జరిగినప్పుడు, ఇది తెలిసినవాళ్ళకు చూపించు అనడం గైడ్‌కు చిన్నతనం కాదు. అది అనలేకనే కొందరు ముసాయిదాను చదవకుండా ఉంచేస్తారని నా అనుమానం.

గైడ్‌ను మార్చుకోవడం గురించి కూడా ఒక మాట. మనుషులకు మనుషులు కుదరకపోవచ్చు. మీరు వేరే సంస్థకు మారవచ్చు, పదవీ విరమణ చేయవచ్చు, ఆరోగ్యం బాగుండకపోవచ్చు. అప్పుడు స్కాలర్ అనాథ కాకూడదు, కొత్త గైడ్ దొరికేదాకా గడువు నడవకూడదు. మార్పు అడిగినవాడిని గొడవ మనిషిగా ముద్ర వేసి ఇతర ఆచార్యుల చెవిన వేయడం ఆపండి. ఆ మాట మా చెవిన కూడా పడుతుంది.

ఫెలోషిప్‌ల గురించి వేరే లేఖ రాయాలి, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. డబ్బు ఆగిపోయాక మాలో చాలామంది ఎక్కడో ఒక ఉద్యోగంలో చేరతారు, థీసిస్ రాత్రులకూ ఆదివారాలకూ మారుతుంది. అలాంటివాళ్ళు పంపిన అధ్యాయం మీ దగ్గర మూడు నెలలు ఉందంటే, వాళ్ళు దాని నుంచి అంత దూరం వెళ్ళిపోతారు. తిరిగి అందుకోవడానికి వాళ్ళ రాతను వాళ్ళే పరాయివాళ్ళ రాతలా మొదటి నుంచి చదువుకోవలసి వస్తుంది. ఈ స్కాలర్లను మొదట చదవండి. ఫెలోషిప్ ఉన్నవాళ్ళం కొంత ఆగగలం.

మీవైపు నుంచి మేము చూడలేనివి చాలా ఉండి ఉంటాయి. పంపుతానని మాటిచ్చి ఏడాది పాటు పంపని స్కాలర్ల గురించి, అతుకుల బొంతలాంటి ముసాయిదాలను మీ మీదకు తోసేసేవాళ్ళ గురించి, ఇచ్చిన సూచనల్లో ఒక్కటీ చేయకుండా అదే అధ్యాయాన్ని తిరిగి పంపేవాళ్ళ గురించి మీ దగ్గర కథలు ఉంటాయి. అవి కూడా బహిరంగంగానే రాయండి. రాసి పంపితే రెండు వారాల్లో చదివి, పదకొండో పుట తర్వాత కూడా చదివి, జవాబిస్తాం.

భవదీయుడు,
పొడిగింపు దరఖాస్తు మీద మీ సంతకం కోసం ఎదురుచూస్తున్న ఒక పరిశోధక విద్యార్థి